చుట్టకు నిప్పు

"ఇల్లు తగలబడిపోతోంది. ఒక్క వస్తువే తీసుకెళ్ళగలరు. ఏది తీసుకెళ్తారు?"

సాహిత్య ఇంటర్వ్యూల్లో, పుస్తకాల గ్రూపుల్లో, పాడ్‌కాస్టుల చివరి ఐదు నిమిషాల్లో తప్పకుండా వినపడే ఈ ప్రశ్నని ఇక అటకెక్కించేద్దామని నా మనవి. ప్రశ్న పాతబడిందని కాదు. అబద్ధమని.

దీనికొచ్చే జవాబులు ఎప్పుడూ అందంగానే ఉంటాయి. నాన్న డైరీ. అమ్మమ్మ పెళ్ళి చీర. రచయిత సంతకం చేసిచ్చిన మొదటి ముద్రణ. ఫ్రెంచి కవి జాఁ కాక్తోని అడిగితే నిప్పునే తీసుకెళ్తానన్నాడని చెప్తారు. ఆ జవాబు విని మురిసిపోని సాహిత్యాభిమాని నాకింతవరకూ తగల్లేదు. కానీ ఇలా నిప్పు అడిగేవాడికి మన సామెత ఎప్పుడో చోటిచ్చింది: ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే, చుట్ట కాల్చుకోడానికి నిప్పడిగాడట ఇంకొకడు.

ఇది నిజంగా జరిగిన చోటికి వెళ్దాం. 2018 నవంబర్ 8, ఉత్తర కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు. జనాభా 26 వేల పైచిలుకు. పొద్దున ఆరున్నర ప్రాంతంలో కొండల్లో మంట కనపడింది. ఎనిమిది గంటలకల్లా అది ఊళ్ళో ఉంది. ఊరి నుంచి కిందకి దిగే దారులు కొన్నే. ఆ కొన్నీ కార్లతో నిండిపోయి కదల్లేదు. కొంతమంది కార్లు రోడ్డు మీదే వదిలేసి పరిగెత్తారు. 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది 65 ఏళ్ళు దాటినవాళ్ళు. వాళ్ళని ఏ వస్తువు తీసుకెళ్తారని అడిగే వ్యవధి ఎవరికుంది? వాళ్ళకి కావాల్సింది ముందుగా ఒక ఫోను, తలుపు కొట్టే ఒక మనిషి, ఒక కారు, కాస్త ఖాళీగా ఉన్న రోడ్డు.

మన ప్రశ్నలో ఇవేవీ కనపడవు. అందులో ఒంటరి మనిషి ఒకడుంటాడు. వాడికి రెండు చేతులూ ఖాళీ. చంకలో పిల్ల లేదు, మంచం మీద తల్లి లేదు, ఆక్సిజన్ మెషీన్ లేదు. అల్మరా ముందు నించుని ఆలోచించుకునేంత తీరిక ఉంది. కాలుతున్న ఇంట్లో నిదానంగా నిలబడగలిగిన ఈ మనిషి ఎవరు? ఇంతవరకూ ఇల్లు కాలనివాడు. తన అభిరుచిని ప్రదర్శించుకోడానికి ఎదుటివాడి మంటని లైటుగా వాడుకుంటున్నవాడు.

మంట మీకేది ఇష్టమని అడగదు. మీకెన్ని నిమిషాలున్నాయని అడుగుతుంది. ఆ నిమిషాలు అందరికీ సమానంగా పంచలేదు. 2025 జనవరి 7 సాయంత్రం లాస్ ఏంజలెస్ పక్కన ఈటన్ కేన్యన్‌లో మంట మొదలైంది. ఆల్టడీనాలో తూర్పు వైపు ఇళ్ళకి ఆ సాయంత్రమే ఖాళీ చెయ్యమని ఆదేశాలు వెళ్ళాయి. లేక్ అవెన్యూకి పడమర వైపు వాళ్ళకి అవి చేరేసరికి తెల్లవారుజామున మూడు దాటింది. ఒకప్పుడు నల్లవాళ్ళకి ఇళ్ళు కొనుక్కోగలిగే అవకాశం దొరికిన కొద్ది చోట్లలో ఆ పడమర వైపు ఒకటి. ఆ మంటల్లో పోయిన 19 మందిలో దాదాపు అందరూ ఆ వైపువాళ్ళే. ఒకే ఊరు, ఒకే మంట, మధ్యలో ఒక రోడ్డు.

ఆ ఆల్టడీనా శ్మశానంలోనే ఆక్టేవియా బట్లర్ సమాధి ఉంది. 1993లో వచ్చిన ఆవిడ నవల 'పేరబుల్ ఆఫ్ ది సోవర్' మొదలయ్యేది 2024లో, ఆ దగ్గర్లోనే, మంటల కాలంలో. అందులో పదిహేనేళ్ళ లారెన్ పారిపోవాల్సిన రోజు కోసం ముందే ఒక మూట కట్టుకుంటుంది. అందులో ఉండేవి నీళ్ళు, తిండి, డబ్బు, విత్తనాలు లాంటివి. మూట కట్టుకుని ఊరుకోదు, నువ్వూ నేర్చుకో అని స్నేహితురాలి వెంటపడుతుంది. దానికి తిట్లు కూడా తింటుంది. బట్లర్‌ని ఇప్పుడందరూ జోస్యం చెప్పిందని పొగుడుతున్నారు. జోస్యం సంగతి అలా ఉంచితే, ఆవిడ మంటని సరైన వైపు నుంచి చూసింది. మూట కట్టడం ఇష్టాయిష్టాల సంగతి కాదని, పక్కవాళ్ళకి చెప్పాల్సిన సంగతని ఆవిడకి తెలుసు.

నేను బే ఏరియాలో ఉంటాను. 2020 ఆగస్టులో మెరుపులకి అంటుకున్న మంటలు శాన్ హోసే తూర్పు కొండల వెనక దాదాపు 4 లక్షల ఎకరాలు తగలబెట్టాయి. అప్పుడు మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏ పుస్తకం సర్దుకోవాలని ఎవరూ అడగలేదు. ఐ-797 ఒరిజినల్ కావాలా, స్కాన్ చేసింది చాలా అని అడిగారు. ప్రతి ఇంట్లోనూ అదే ప్లాస్టిక్ ఫోల్డరు: పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, టెన్త్ మెమో, ఇంజినీరింగ్ ప్రొవిజనల్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు. (బంగారం గురించి గ్రూపులో ఎవరూ రాయరు, కాబట్టి ఆ లెక్క తెలీదు.) దీన్ని చూసి రసహీనులని నవ్వేవాళ్ళుంటారు. నవ్వే ముందు ఒక్కటి ఆలోచించండి. ప్రాణంతో బయటపడ్డాక కూడా నువ్వు నువ్వేనని కాగితం చూపించాల్సిన మనిషి ఆ ఫోల్డరునే పట్టుకుంటాడు. మన దగ్గర వేసవిలో తాటాకిళ్ళు అంటుకున్నప్పుడు రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు పోయాయని ఏడ్చేదీ అందుకే. మన ప్రశ్నకి జిల్లా పేపర్లు ఏనాడో జవాబిచ్చేశాయి: కట్టుబట్టలతో మిగిలారు.

కాలిఫోర్నియా అగ్నిమాపక శాఖ ఇచ్చే జాబితా ఒకటుంది. ఆరు అంశాలు, ఇంగ్లీషులో అన్నీ 'పి' అక్షరంతో మొదలవుతాయి. మనుషులు, పెంపుడు జంతువులు. కాగితాలు, ఫోన్ నంబర్లు. మందులు, కళ్ళజోడు. ఫోటోలు, మళ్ళీ దొరకని జ్ఞాపకాలు. కంప్యూటర్ హార్డ్ డ్రైవులు. కార్డులు, డబ్బు. 'నిప్పులోంచి నేను తెచ్చుకున్న పుస్తకం' తరహా వ్యాసాలన్నిటికంటే నాకు ఇదే మంచి రచన. జ్ఞాపకాలని అది కొట్టిపారెయ్యలేదు, నాలుగో చోట పెట్టింది. మా ఉద్యోగాల్లో కూడా సర్వర్లు కూలిపోయినప్పుడు ఏం చెయ్యాలో అవి కూలకముందే రాసిపెడతాం. ఆ క్షణంలో ఎవరి బుర్రా పనిచెయ్యదని తెలుసు కాబట్టి.

"మరి రాతప్రతులు? సాహిత్యం కాలిపోతే ఫర్వాలేదా?" అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1991 అక్టోబర్‌లో ఓక్లండ్ కొండలు కాలినప్పుడు మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ రాస్తున్న నవల మొత్తం బూడిదైంది. అప్పుడావిడ ఇంట్లో లేదు, తండ్రి కర్మకాండల నుంచి తిరిగొస్తోంది. ఎంచుకునే అవకాశమే రాలేదు. తర్వాత ఆవిడ యుద్ధాల నుంచి వచ్చిన మాజీ సైనికులని కూర్చోబెట్టి, వాళ్ళతో కలిసి రాయడం మొదలుపెట్టింది. 2003లో వచ్చిన 'ది ఫిఫ్త్ బుక్ ఆఫ్ పీస్' అందులోంచి పుట్టింది. పోయిన ప్రతి పోయిందే, దానికి ఓదార్పు లేదు. కానీ ఆ పుస్తకాన్ని సాధ్యం చేసింది చుట్టూ ఉన్న మనుషులు.

ఇంకో సంగతి. ఈ ప్రశ్న మంటని దైవఘటనలా చూపిస్తుంది, ఎవరు అంటించారని అడగనివ్వదు. పారడైజ్ మంట పీజీ అండ్ ఈ అనే కరెంటు కంపెనీ పాతబడిన లైన్ల నుంచి వచ్చింది. 84 మంది చావులకి నేరం తమదేనని 2020లో ఆ కంపెనీ కోర్టులో ఒప్పుకుంది. నిప్పుని తీసుకెళ్ళాల్సిన వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళే.

ఆ రోజే పారడైజ్‌లో ఒక స్కూలు బస్సు డ్రైవరు 22 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని ఎక్కించుకుని గంటల తరబడి పొగలో బండి నడిపాడు. ఊపిరాడని పిల్లల కోసం తన చొక్కాని ముక్కలుగా చింపి, సీసాలో ఉన్న కాసిని నీళ్ళతో తడిపిచ్చాడు. దాని మీద 2025లో పాల్ గ్రీన్‌గ్రాస్ 'ది లాస్ట్ బస్' సినిమా తీశాడు. ఆయన తనతో తీసుకెళ్ళింది పక్కవాళ్ళ పిల్లల్ని.

అందుకే ప్రశ్న మారుద్దాం. ఈసారి ఏ రచయితనైనా అడిగితే ఇలా అడగండి: మీ వీధిలో కారు లేని పెద్దావిడ ఎవరు? ఆవిడ ఫోన్ నంబరు మీ దగ్గరుందా?