ఛేంజ్ అంటే చిల్లర కూడా!

డిగ్రీ మొదటి సంవత్సరంలో నా ఫిజిక్స్ స్లిప్ టెస్టు పేపరు మీద ఎర్ర సిరాతో రెండే మాటలున్నాయి: "నో ఛేంజ్". అంతకు ముందు టెస్టులో ఇరవైకి నాలుగు, ఇందులోనూ నాలుగే. రాసినవారి మీద నాకు కోపం లేదు. మార్కుల లెక్కన అది నిజమే. కాని ఆ ఛేంజ్ అనే మాట మాత్రం అప్పట్నించీ నన్ను వదలటం లేదు.

ఎంత చెలామణీ ఈ మాటకి! మనిషి ఛేంజ్ అయ్యాడంటాం. జంక్షన్‌లో బస్సు ఛేంజ్ అవ్వాలంటాం. బోరు కొడితే ఛేంజ్ కోసం సినిమాకి పోతాం. అదే కండక్టరు "ఛేంజ్ ఉందా?" అంటే జేబులో చెయ్యి పెడతాం. ఈ ఆఖరి అర్థమే మాట పుట్టుకకి దగ్గరగా ఉంది. లాటిన్‌లో దీని మూలానికి ఒకటిచ్చి ఒకటి పుచ్చుకోవటమని అర్థం. మన తెలుగు 'మారు'లో మాత్రం ఆ సంగతి లేదా? మారకం, మారుబేరం అనటం లేదూ? మా తాత వడ్లు కొలిచి ఉప్పూ కుండలూ తెచ్చుకున్నది ఆ మారకంతోనే. వంద నోటు తీసుకుని చిల్లర ఇవ్వకపోతే దాన్ని ఛేంజ్ అనరు. దానికి వేరే పేరుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ చదువులు ఇంగ్లీషు మీడియంలోకి మారాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఒక్క కాగితంతో మీడియం మారింది. మరి మనుషులో? త్వరణం, ద్రవ్యవేగం కంఠతా వచ్చిన నాకు యాక్సిలరేషన్, మొమెంటమ్ ముక్కూ మొహం తెలియని చుట్టాలయ్యాయి. లెక్క వచ్చు, లెక్క అడిగిన మాట రాదు. లేచి అడుగుదామంటే ఆ అడగటమూ ఇంగ్లీషులోనే అడగాలాయె! మా దగ్గరున్న నోటు తీసేసుకున్నారు. చిల్లర ఏదీ?

ఇంగ్లీషు వద్దనే వాదన కాదు నాది. రేపు ఎమ్మెస్సీకి పోవాలన్నా, పై పుస్తకాలు ముట్టుకోవాలన్నా అది కావాలి. నేను అడిగేది దారి ఖర్చు మాత్రమే.

ఆ దారి ఖర్చెంతో మన హీట్ పాఠంలోనే ఉంది. సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము మంచు కరగటానికి సుమారు 80 కేలరీలు కావాలి. ఆ 80 కేలరీలూ లోపలికి పోతున్నంతసేపూ థర్మామీటరు సున్నా దగ్గరే ఉంటుంది. అదే వేడి ఆ గ్రాము నీటికిస్తే 80 డిగ్రీలు ఎక్కుతుంది! తెలుగులో దీన్ని గుప్తోష్ణం అన్నారు. ఎంత చక్కటి మాట! థర్మామీటరు చూసి "నో ఛేంజ్" అనేవాడు లోపల జరిగే పని చూడలేదన్నమాట. మొదటి సంవత్సరం నేను రాత్రి ఒంటిగంట దాకా డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివింది ఆ నాలుగు మార్కుల్లో కనబడలేదు.

సెలవులకి ఇంటికెళ్ళి చదువు మానేస్తానని చెబితే మా నాన్న తిట్టలేదు. పొలం గట్టు మీదికి తీసుకెళ్ళాడు. నాట్లు పడి నాలుగు రోజులైంది. నారు పాలిపోయి, తలలు వాల్చేసింది. "పీకి పారేద్దామా?" అన్నాడు. "వేరు తెగింది కదరా, మూన తిరగాలి. అప్పటిదాకా నీళ్ళు పల్చగా పెట్టి కాపలా కాయాలి. మూన తిరిగిందా, ఇక దాన్నెవరూ ఆపలేరు." నాన్న అయిదు దాటి చదవలేదు.

నేను మూన తిరిగాను. కాని మా ఊరినుంచి నాతోపాటు చేరిన కుర్రాడు తిరగలేదు. లెక్కల్లో నాకంటే చురుకైనవాడు. సంక్రాంతికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ట్రంకు పెట్టె తీసుకుపోవటానికి వాళ్ళన్నయ్య వచ్చాడు. ఆ పెట్టె బస్సు దాకా ఒక పక్క నేనే పట్టుకున్నాను. మరో పది కేలరీలు అందితే కరిగేవాడేమో, ఎవరికి తెలుసు?

అందుకని లెక్చరర్లకి నా మనవి: మొదటి సెమిస్టరులో పాఠానికి ముందు పది నిమిషాలు ముఖ్యమైన మాటలు రెండు భాషల్లోనూ చెప్పండి. సందేహం తెలుగులో అడిగితే నవ్వే క్లాసుని ఆపండి. సీనియర్ మిత్రులారా, హాస్టల్లో సాయంత్రం ఒక గంట జూనియర్లకివ్వండి. పోస్టర్లకి పెట్టే ఖర్చులో కొంత తగ్గిస్తే రెండు భాషల పదాల పట్టిక అచ్చేసి ప్రతి కొత్త విద్యార్థి చేతిలోనూ పెట్టొచ్చు.

వచ్చే ఏడు మళ్ళీ కొత్త నారు మన కాలేజీకి వస్తుంది. వాళ్ళని ఛేంజ్ కమ్మని అడిగేముందు, మన దగ్గర చిల్లర ఉందో లేదో చూసుకోవద్దూ?