బొమ్మ గీయడానికి ముందు

చిత్రకారుని చేతి కన్న ముందు పనిచేయవలసినది అతని కన్ను. ఈ మాట కొత్తది కాదు. కాని యానిమేషన్ విద్య అభ్యసిస్తున్న నేటి విద్యార్థుల పద్ధతిని గమనించినవారికి, ఈ పాత మాటనే మళ్ళీ చెప్పవలసిన అవసరం ఏర్పడినదని తోచక మానదు. ఒక కథకు తగిన పాత్రను రూపొందించమని, ఆ రూపానికి ఆధారమైన సమాచారాన్ని స్వయంగా సేకరించి చూపమని కళాశాల అడుగుతుంది. విద్యార్థి రెండు పనులు చేస్తాడు. మొదట సెల్‌ఫోనులో వెదకి నూరు బొమ్మలు పోగు చేస్తాడు. తరువాత తాను గీసిన మూడు బొమ్మలను పక్కపక్కన పెట్టి, వీటిలో మీకు నచ్చినది ఏది అని ముప్పది మంది స్నేహితులను అడుగుతాడు. ఎక్కువమంది వేలు చూపిన బొమ్మ గెలుస్తుంది. ఈ తతంగానికి పరిశోధన అని పేరు పెడుతున్నారు. దీనిని ఎన్నిక అనవచ్చునేమో గాని పరిశోధన అనడం కష్టం.

లోపం విద్యార్థి ఒక్కనిది కాదు. ప్రాథమిక సమాచారం అంటే ఏమిటో, అది బొమ్మకు ఏ విధంగా ఉపకరిస్తుందో అతనికి స్పష్టంగా చెప్పినవారు తక్కువ. న్యాయశాస్త్రం ప్రమాణాలను నాలుగుగా విభజించినది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. నేటి పరిశోధకులు ప్రాథమిక సమాచారం అనేది చాలవరకు ప్రత్యక్షం కిందికి వస్తుంది. తాను వెళ్ళి చూచినది, తాను అడిగి తెలుసుకొన్నది, తన ఎదుట జరిగినది అందులో చేరుతాయి. ఒకరు గీసిన బొమ్మను చూచి గీయడం శబ్దం వంటిది. శబ్దమూ ప్రమాణమే, కాని చెప్పినవాడు ఆప్తుడు కావాలని శాస్త్రం నియమం పెట్టినది. ఎవరు, ఎక్కడ, ఎవరిని చూచి గీశారో తెలియని బొమ్మ ఆప్తవాక్యం ఎట్లా అవుతుంది? ఒక్క వాక్యం చెబితే క్షణంలో బొమ్మ గీసి ఇచ్చే యంత్రాలు నేడు వచ్చాయి. వాటి చిత్రాలు వెనుకటి అసంఖ్యాక చిత్రాల నుండి పుట్టినవి. అవి ఎంత అందంగా ఉన్నా, ఒక ఊరి పిల్లవానిని ఎదుట నిలబెట్టుకొని చూచినవి కావు.

చూచి గీయడం వల్ల కలిగే భేదం ఎటువంటిదో జపానులో తయారైన ‘హైడీ’ చిత్రమాల చెబుతుంది. స్విట్జర్లండు రచయిత్రి యోహన్నా స్పైరీ 1880లో ప్రకటించిన నవల దానికి మూలం. తల్లిదండ్రులు లేని ఐదేళ్ళ పాప ఆల్ప్స్ కొండమీద ఒంటరిగా ఉంటున్న తాత దగ్గరకు చేరడంతో కథ మొదలవుతుంది. 1974లో టెలివిజనులో 52 భాగాలుగా ప్రసారమైన ఈ చిత్రానికి ఇసావో తకహతా దర్శకుడు. దృశ్యాల అమరిక హయావో మియజాకిది. పాత్రలకు రూపమిచ్చినవాడు యోయిచి కోటాబే. ఈ ముగ్గురూ 1973లో స్విట్జర్లండు వెళ్ళి, కథలోని కొండలనూ ఊళ్ళనూ ఇళ్ళనూ కళ్ళారా చూచి వచ్చారు.

కోటాబే మొదట ఊహించిన హైడీకి జడలున్నాయి. కొండప్రాంతపు ఐరోపా పాప అనగానే దూరదేశంలో ఉన్నవారి మనస్సులో మెదిలే రూపమే అది. స్పైరీకి సంబంధించిన పత్రాలను భద్రపరచిన చోట ఒకరు ఆ రూపం గురించి సందేహం వెలిబుచ్చారు. ఐదేళ్ళ పిల్ల తన జడ తాను వేసుకోలేదు గదా. కొండమీద ఒంటరిగా బ్రతికే ముసలి తాత రోజూ ఆ పిల్లను కూర్చుండబెట్టుకొని జడ వేస్తాడా? ఆ ప్రశ్నతో జడలు పోయాయి. నేడు అనేక దేశాలవారు ఎరిగిన పొట్టి జుట్టు హైడీ వచ్చినది.

ఈ ఉదంతంలో విద్యార్థి నేర్వవలసినది చాల ఉన్నది. జడలున్న హైడీ వికారమైన బొమ్మ కాదు. ముప్పది మందిని అడిగితే బహుశః జడల పాపనే ఎక్కువమంది మెచ్చుకొని ఉండేవారు. కాని ఆ బొమ్మలో ఆ పిల్ల బ్రతుకు లేదు. జడను చూచినవారు ఆ జడ వేసిన చేతిని కూడ తలచుకొంటారు. తెలుగింటిలో బడికి పోయే ఆడపిల్ల జడను చూచి, ఆనాటి ఉదయం తల్లి తీరికగా ఉన్నదో, కూలికి తొందరగా వెళ్ళినదో చెప్పగల పెద్దలు ఉన్నారు. పాత్ర రూపకల్పన అంటే ముక్కునూ ముఖాన్నీ గీయడమే కాదు. ఆ మనిషి వెనుక ఉన్న ఇంటిని, ఆ ఇంటి జరుగుబాటును గీయడం. అవి చూచినవానికే దొరుకుతాయి.

ఒక పల్లెటూరి బడిపిల్ల కథానాయిక అనుకొందాం. సెల్‌ఫోనులో దొరికే బొమ్మలలో ఆ పిల్ల దుస్తులు అప్పుడే కుట్టించినట్లు ఉంటాయి. బడి ముంగిట ఒక ఉదయం నిలిచి చూచిన విద్యార్థికి వేరే సంగతులు కనిపిస్తాయి. పొడుగు పెరిగిన పిల్లకు లంగా అంచు మడత విప్పి కుట్టితే, అంతవరకు లోపల దాగి ఉన్న గుడ్డ వెలవకుండా కొత్త రంగుతో గీతవలె మిగిలి ఉంటుంది. అక్క చొక్కా తొడుక్కొన్న చెల్లెలికి భుజాలు జారుతూ ఉంటాయి. చేతితో మాటిమాటికి పైకి లాగుకోవడం ఆమెకు అలవాటైపోతుంది. సంచి పట్టీ తెగినచోట ముడి ఉంటుంది. ఆ ముడి వల్ల సంచి ఒక పక్కకు ఒరుగుతుంది. దాని బరువుకు పిల్ల నడక కూడ కొంచెం ఒరుగుతుంది. యానిమేషన్‌లో బొమ్మ నడవవలసి ఉన్నది కనుక ఈ ఒరుగుదల ముఖ్యం. పాత్ర స్వభావానికి పది వాక్యాల వర్ణన చేయలేని పని ఆ నడక చేస్తుంది.

అమెరికాలోని డిస్నీ చిత్రశాల ఈ రహస్యాన్ని ఏనాడో గ్రహించినది. 1942లో విడుదలైన ‘బాంబీ’ చిత్రానికి నాయకుడు ఒక లేడిపిల్ల. ఆ చిత్రం కోసం మెయిన్ రాష్ట్రం నుండి రెండు లేడిపిల్లలను తెప్పించి చిత్రశాలలో పెంచారు. చిత్రకారులు వాటి ఎదుట కూర్చుండి, అవి పెరుగుతున్న కొలదీ వాటి కాళ్ళనూ మెడనూ కదలికలనూ గీసుకొన్నారు. జంతువుల ఎముకల అమరికను బోధించడానికి రీకో లెబ్రన్ అనే చిత్రకారుని ప్రత్యేకంగా నియమించారు. అంతటితో ఆగితే అది జంతుశాస్త్ర గ్రంథానికి పనికివచ్చే బొమ్మ అయి ఉండేది. మార్క్ డేవిస్ అనే చిత్రకారుడు పసిపిల్లల ముఖాలలోని భావాలను శ్రద్ధగా పరిశీలించి వాటిని లేడి ముఖానికి అమర్చాడు. ఒక సత్యాన్ని లేడి దగ్గర, మరొక సత్యాన్ని పసిపాప దగ్గర సేకరించి, ఆ రెంటినీ కలిపినందువల్లనే ఆ పాత్ర పుట్టినది.

ఇటువంటి పరిశీలనకు తెలుగు విద్యార్థి దూరదేశాలకు పోనక్కరలేదు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే గ్రామం ఉన్నది. అక్కడ తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. తోలును వెలుగు చొరబడేటట్లు సిద్ధం చేసి, రెండు వైపులా రంగులు వేసి, నగలున్న చోట సన్నని రంధ్రాలు పొడిచి, కాళ్ళూ చేతులూ విడిగా కత్తిరించి కీళ్ళవద్ద కట్టడం ఆ కళలోని పద్ధతి. పగటి వెలుగులో తీసిన ఛాయాచిత్రంలో ఆ రంధ్రాలు రంధ్రాలుగానే కనిపిస్తాయి. తెర వెనుక దీపం వెలిగినప్పుడు అవే రత్నాలవలె మెరుస్తాయి. ఛాయాచిత్రాన్ని చూచి గీసినవానికి నగ దొరుకుతుంది గాని మెరుపు దొరకదు. తెర ముందు ఒక రాత్రి కూర్చున్నవానికి మరొక పాఠం కూడ దొరుకుతుంది. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికి రాగానే, నోరు విప్పకముందే ప్రేక్షకులు వారిని గుర్తుపడతారు. ఒకడు పేరులోనే తన జుట్టును పెట్టుకొన్నాడు. ఆకారపు అంచును బట్టి మనిషి పోల్చుకోబడాలనే సూత్రాన్ని యానిమేషన్ విద్యార్థులు నేడు పుస్తకాలలో చదువుకొంటున్నారు. తోలుబొమ్మల కళాకారులు దానిని తరతరాలుగా ఆచరిస్తున్నారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. కళకు ప్రాణం కల్పన. దానికి లెక్కలూ సాక్ష్యాలూ ఎందుకు? దశకంఠుని ఎవరు చూచారు? ఆక్షేపణ బలమైనదే. కాని పది తలలను ఊహించిన కళాకారుడు ఆ తలల బరువు మోసే భుజాన్ని మాత్రం చూచిన మనిషి నుండే తీసుకొన్నాడు. లోకంలో లేనిదానిని నమ్మించాలంటే ఉన్నదానిని గట్టిగా ఎరిగి ఉండాలి. సమాచారం కల్పనకు సంకెల కాదు, నిలబడడానికి నేల. అయితే నేలనే ఇల్లు అనుకొనేవారూ ఉన్నారు. అడిగిన ప్రతివాని మాటకూ లొంగి, ఒకరు చెప్పిన కన్ను, మరొకరు చెప్పిన ముక్కు అతికించితే ఎవరికీ చెందని బొమ్మ తయారవుతుంది. చూచినదానిలో ఏది తన కథకు సత్యమో ఎంచుకోవలసినవాడు విద్యార్థియే. ఆ భారాన్ని స్నేహితుల ఓట్లమీదికి నెట్టడం న్యాయం కాదు.

అడిగే విధానంలో కూడ వివేకం కావాలి. ఉపాధ్యాయుని ఎదుట నిలబెట్టి, ఈ బొమ్మ బాగున్నదా అని అడిగితే పిల్లలు బాగున్నదనే అంటారు. అది బొమ్మమీది అభిప్రాయం కాదు, పెద్దలమీది గౌరవం. దానికి బదులు బొమ్మను కొంతసేపు చూపి తీసివేసి, ఆటల గంట తరువాత జ్ఞాపకం ఉన్నంత మట్టుకు గీయమనవచ్చు. పిల్లలు ఏది గీశారో అది వారి మనస్సులో నాటినది. ఏది మరచిపోయారో అది అనవసరపు అలంకారం. ముఖం కనిపించకుండా నల్లని ఆకారం మాత్రమే చూపి, వీడు ఎటువంటివాడై ఉంటాడు అని అడగవచ్చు. పిరికివానిగా గీసిన పాత్రను పిల్లలు గర్విష్ఠి అంటే, తప్పు పిల్లలది కాదు. అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నల కన్న, ఎందుకు, ఎట్లా అనే ప్రశ్నలు మేలు. ప్రశ్నల కన్న కూడ, తాను అక్కడ ఉన్నట్లు పిల్లలు మరచిపోయేంతవరకు ఓపికగా కూర్చుండి చూడడం మేలు.

చూచినదానిని నిజాయితీతో వ్రాసుకోవడం మరొక కర్తవ్యం. ఏ తేదీన, ఎక్కడ, ఏ వయస్సు పిల్లలను, ఎందరిని చూచినదీ పుస్తకంలో ఉండాలి. 12 మందిలో 9 మంది ఒక బొమ్మను గుర్తుపడితే 12 మందిలో 9 మంది అనే వ్రాయాలి. దానినే 75 శాతం అని వ్రాసినప్పుడు లెక్క తప్పదు గాని, ఎంతో మందిని విచారించినట్లు భ్రమ కలుగుతుంది. తన ఊహకు వ్యతిరేకంగా వచ్చిన జవాబును కొట్టివేయకూడదు. హైడీ జడలను తీసివేయించినది అటువంటి ఎదురుమాటయే.

ఇక ఉపాధ్యాయుల సంగతి. ఇటువంటి విద్యార్థి ఒక పుస్తకమూ పెన్సిలూ పట్టుకొని బడి గుమ్మం ఎక్కినప్పుడు, ఇతనికి పనిలేదని తిప్పి పంపడం సులభం. అడిగినదే తడవుగా తరగతిని అతనికి అప్పగించడమూ సులభమే. రెండూ తగవు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 సంవత్సరాలు నిండనివారిని బాలలుగానే ఎంచి, వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని కోరుతున్నది. చట్టం మాట అటుంచినా, పిల్ల చిరిగిన సంచిని ఆమె అనుమతి లేకుండా ఛాయాచిత్రం తీసి పదిమందికి చూపడం మర్యాద కాదు. పేరు వ్రాయనక్కరలేదు; ముఖం తీయనక్కరలేదు; గీసుకొన్న గీత చాలు. వచ్చిన విద్యార్థికి ఈ హద్దులు ముందుగా చెప్పి, ఒక మూల కుర్చీ వేసి కూర్చుండబెట్టడం ఉపాధ్యాయుడు చేయగల పెద్ద సహాయం. పని ముగిసిన తరువాత ఆ బొమ్మను తెచ్చి పిల్లలకు చూపమని అడిగే హక్కు కూడ ఆయనకు ఉన్నది.

ఆ రోజుననే అసలు పరీక్ష జరుగుతుంది. తెలుగు పిల్లలు తెరమీద లెక్కలేనన్ని బొమ్మలను చూస్తున్నారు. వాటిలో ఎక్కువ భాగం వారి వీధిని చూడనివారు గీసినవి. ఆ బొమ్మలు వినోదాన్ని ఇవ్వవచ్చు. వాటిని తప్పుపట్టవలసిన పని లేదు. కాని చూచే ప్రతి బొమ్మలోను కొత్త దుస్తులు, నున్నని సంచి, తీరికగల తల్లి మాత్రమే ఉంటే, అంచు విప్పి కుట్టిన లంగాతో కూర్చున్న పిల్ల, కథలు తనవంటివారికి కావు కాబోలు అనుకొంటుంది. ఆ అనుకోవడం మంచిది కాదు. విద్యార్థి తెచ్చి చూపిన బొమ్మలో ఆ గీతను, ఆ ముడిని గుర్తించి ఒక పిల్ల పక్కపిల్లను మోచేతితో పొడిచినదా, అతని పరిశోధన ఫలించినట్లే.