జున్నుపాలలో మొదటి వాటా దూడదే

గేదె ఈనిందంటే మన ఊళ్ళలో ముందు వినిపించే మాట "జున్ను ఎప్పుడు?" అని. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వకూడదనే నమ్మకం కూడా చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. ఈ రెండూ మారాలని మా అభిప్రాయం.

మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. దూడకు అలా కాదు. ఆవు, గేదెల మాయ గుండా యాంటీబాడీలు దాటవు. అవి జున్నుపాల నుంచే రావాలి. పుట్టిన వెంటనే దూడ చిన్నపేగు ఆ యాంటీబాడీలను ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి పంపగలదు. గంటలు గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గిపోయి, సుమారు 24 గంటలకు దారి మూసుకుపోతుంది. ఆ తరువాత ఎన్ని పాలు పట్టినా అవి ఆహారంగా అరుగుతాయే తప్ప రక్తంలో రక్షణగా చేరవు. అందుకే మొదటి ఒకటి రెండు గంటల్లోనే పట్టాలి. మొదటి రోజు దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు సుమారు 3 లీటర్లు కావాలి. మాయ కోసం ఆగవలసిన పని లేదు. దూడ కుడుస్తుంటే గర్భసంచి ముడుచుకుని మాయ పడటానికే సాయమవుతుంది.

తరువాతి వారాలూ ముఖ్యమే. నెమరువేసే పెద్దపొట్ట పుట్టినప్పుడు చాలా చిన్నది. తాగిన పాలు దానిలోకి పోకుండా నేరుగా నాలుగో అరకు చేరతాయి. అది ఎదగడానికి వయసు ఒక్కటే చాలదు, మేత తగలాలి. దాణా పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలే దాని లోపలి గోడను పెంచుతాయి. రెండో వారం నుంచే గుప్పెడు దాణా, లేత గడ్డి, మంచినీళ్ళు అలవాటు చేయాలి.

పాలు అమ్మితేనే పూట గడిచే ఇళ్ళు మనవి, దూడకు వదలమనడం తేలికే అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ జున్నుపాలు కాస్తే విరుగుతాయి, పాలకేంద్రంలో పోయించుకోరు. వాటిని దూడకు పట్టినందువల్ల పోయే డబ్బేమిటి? కూలికి పోయే ఇంట్లో బతికిన పెయ్యదూడ అంటే కొన్నేళ్ళకు చేతికొచ్చే మరో పాడి కాదా?

మా ఇళ్ళలో డిగ్రీ దాటి పీజీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేము. పుస్తకంలో చదివినది పశువుల కొట్టం దాకా చేర్చే బాధ్యత మన అందరిదీ. సెలవులకు ఇంటికి వెళ్ళే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అమ్మానాన్నలకు ఈ ఒక్క మాట చెప్పండి. జున్ను వద్దని కాదు, ముందు దూడ కడుపు నిండనివ్వమని. మిగిలిన పాలతో జున్ను అందరం తిందాం.