పైత్యరసంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఆపరేషన్ వికటిస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. షుగరు ఉంది. పిత్తాశయంలో రాళ్లున్నాయని రెండేళ్ల క్రితం స్కానింగులో తేలింది. నొప్పి వచ్చినప్పుడల్లా యాంటీబయోటిక్స్ వేసుకుంటూ నెట్టుకొస్తోంది. పోయిన నెల చలిజ్వరం కూడా వచ్చింది. పైత్యరసంలో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చని, ఆపరేషన్ చేయించమని డాక్టరు చెప్పారు. మా బంధువొకరికి ఇదే ఆపరేషనయ్యాక నెల రోజులకు గాయం దగ్గర చీము పట్టింది. అందుకే అమ్మ భయపడుతోంది. మందులతో సరిపెట్టుకోకూడదా?
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇన్‌ఫెక్షన్ ఉంటే ఆపరేషన్ తర్వాత చీము పట్టే అవకాశం కొంత పెరిగే మాట నిజమే. కానీ మీ అమ్మగారి విషయంలో అంతకన్నా పెద్ద ముప్పు ఆలస్యం చేయడమే.

పైత్యరసం కాలేయంలో తయారవుతుంది. పిత్తాశయం దాన్ని నిల్వ చేసే సంచి మాత్రమే. ఆరోగ్యవంతుల్లో ఈ రసంలో సాధారణంగా క్రిములుండవు. ఎప్పటికప్పుడు పేగులోకి పారుతుండటమే దీనికి ముఖ్య కారణం. రాయి అడ్డుపడి రసం నిలిచిపోతే ఈ-కోలి, క్లెబ్సియెల్లా వంటి పేగుల్లోని బ్యాక్టీరియా అక్కడ చేరి పెరుగుతుంది. పెద్ద వయసువారిలో, పిత్తాశయం వాచినవారిలో, పైత్యరస నాళంలో రాళ్లున్నవారిలో, నాళంలో స్టెంట్ వేయించుకున్నవారిలో ఇది ఎక్కువ.

మందులు చాలవా? చాలవు. యాంటీబయోటిక్స్ జ్వరాన్ని తగ్గిస్తాయి గానీ రాయిని కరిగించలేవు. దారి మూసుకుపోయిన సంచిలోకి మందు సరిగా చేరదు కూడా. అడపాదడపా వాడితే క్రిములు మందులకు లొంగకుండా మొండికేస్తాయి. షుగరు ఉన్నవారిలో పిత్తాశయం కుళ్లిపోవటం, చిల్లుపడటం వంటి ప్రమాదాలు ఎక్కువ. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ తొలిసారి పిత్తాశయాన్నే తొలగించారు. రాళ్లను మాత్రమే తీస్తే అవి మళ్లీ ఏర్పడతాయి. నేటికీ చికిత్స ఆ దారిలోనే సాగుతోంది. అసలు ఏ బాధా పెట్టని రాళ్లకు మాత్రం చాలామందిలో ఆపరేషన్ అక్కర్లేదు.

జాగ్రత్తలేమిటి? ఇప్పుడు చాలావరకు ల్యాపరోస్కోపీతో చిన్న రంధ్రాల ద్వారానే చేస్తున్నారు. పెద్ద కోతతో పోలిస్తే చీము పట్టడం తక్కువ. ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉంటే కోత పెట్టకముందే యాంటీబయోటిక్ ఇస్తారు. రసం కడుపులో ఒలకకుండా చూస్తారు. పిత్తాశయాన్ని చిన్న సంచిలో ఉంచి బయటికి తీస్తారు. రసాన్ని కల్చర్ పరీక్షకు పంపితే, తర్వాత జ్వరం వచ్చినా ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. ఇన్‌ఫెక్షన్ పిత్తాశయానికే పరిమితమైతే, దాన్ని తీసేశాక 24 గంటల్లోపే యాంటీబయోటిక్స్ ఆపొచ్చని 2018 నాటి టోక్యో మార్గదర్శకాలు చెబుతున్నాయి. నాళానికీ పాకితే మరికొన్ని రోజులు కావాలి.

మీ బంధువు సంగతి వేరు కావొచ్చు. మూడు నాలుగు వారాల తర్వాత రంధ్రాల దగ్గర గడ్డకట్టి రసి కారుతుంటే, దానికి పైత్యరసం కాకుండా పరికరాల శుద్ధిలో లోపం వల్ల చేరే మైకోబ్యాక్టీరియా కారణం కావొచ్చు. మామూలు మందులకు ఇది తగ్గదు. ఆ చీమును ప్రత్యేకంగా పరీక్ష చేయించాలి.

మీరు చేయాల్సింది: జ్వరం, కామెర్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో, ఏ యాంటీబయోటిక్స్ వాడారో రాసి సర్జన్‌కు చూపించండి. షుగరు అదుపులోకి తెచ్చుకోండి. రక్తాన్ని పలుచన చేసే మందులుంటే తప్పక చెప్పండి, సొంతంగా ఆపొద్దు. ఆపరేషన్ తర్వాత చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, కడుపునొప్పి పెరగటం, గాయం నుంచి రసి కారటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇప్పుడే మళ్లీ జ్వరంతో పాటు కామెర్లు కనిపించినా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

పిత్తాశయం లేకపోయినా కాలేయం నుంచి రసం నేరుగా పేగులోకి చేరుతుంది. తిండి అరుగుతుంది. ఆ భయం కూడా అమ్మగారికి అక్కర్లేదు.