పాత సిమెంటు రేకులు విప్పేముందు

"మా వంటింటిపైన ముప్పయి అయిదేళ్ళనాటి సిమెంటు రేకులు వున్నాయి. తీసేసి శ్లాబు వేయించబోతున్నాం. వాటిలో ఆస్‌బెస్టాస్ వుంటుందనీ, దానివల్ల కేన్సరు వస్తుందనీ మా అబ్బాయి అంటున్నాడు. ఇన్నేళ్ళూ వాటికిందే వండుకుని తిన్నాం. ఇప్పుడు మా గతేమిటి?" అని ఒక సోదరి అడిగారు.

ఆస్‌బెస్టాస్ భూమిలో దొరికే ఖనిజం. చూడడానికి రాయే గాని, నలిపితే దూదిలా పోగులుగా విడిపోతుంది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో కూడా దీని గనులు వుండేవి. నిప్పుకు కాలదు, తడికి కుళ్ళదు కనుక సిమెంటులో కలిపి రేకులూ, గొట్టాలూ చేశారు. రేకులో ఇది సుమారుగా నూటికి పదిపాళ్ళు. మిగిలినదంతా దాదాపు సిమెంటూ, బూడిదే. సిమెంటులో బిగిసివున్నంతకాలం ఆ పోగులు బయటికి రావు. కాబట్టి పగలని, పెచ్చులు లేవని రేకులకింద కాపురమున్నవారికి ప్రమాదం చాలా తక్కువ. ఆ సోదరి నిశ్చింతగా వుండవచ్చు.

జాగ్రత్త పడవలసింది విప్పే రోజున. రేకును రంపంతో కోసినా, మిషనుతో కట్ చేసినా, సమ్మెటతో పగలగొట్టినా, ఇనుపబ్రష్‌తో నాచు గీకినా పోగులు దుమ్ములో కలిసి లేస్తాయి. అవి కంటికి కనిపించనంత సన్నం. ఊపిరితోపాటు లోపలికి పోయి ఊపిరితిత్తుల లోతుల్లో దిగబడతాయి. ఇలా ఏళ్ళతరబడి పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం రావచ్చు. దీనినే ఆస్‌బెస్టోసిస్ అంటారు. ఊపిరితిత్తుల కేన్సరు, వాటిపై పొరకు వచ్చే మెసోథీలియోమా అనే కేన్సరు కూడా రావచ్చు. ఈ కేన్సర్లు సాధారణంగా 20, 30, 40 ఏళ్ళ తర్వాతగాని బయటపడవు. తెల్లరకం ఆస్‌బెస్టాస్ వల్ల హాని లేదనే మాట వినబడుతూ వుంటుంది. నమ్మకండి. అన్ని రకాలూ కేన్సరు కలిగించేవేనని ప్రపంచ ఆరోగ్యసంస్థ స్పష్టంగా చెబుతోంది. బ్రిటన్ 1999లో తెల్లరకాన్ని కూడా నిషేధించింది. మన దేశంలో మాత్రం ఈ రేకులు ఇంకా తయారవుతూనే వున్నాయి.

ఈ పని తెలిసినవారిచేతనే చేయించండి. పిల్లల్నీ, గర్భిణీల్నీ ఆ రోజు చుట్టాలింటికి పంపేయండి. వంటసామాను బయటపెట్టి, కదలని వాటిపై ప్లాస్టిక్ పట్టా కప్పండి. నిచ్చెనపై నుంచి నీళ్ళు చల్లి రేకుల్ని తడపండి. చెంచాడు సబ్బుపొడి కలిపితే నీరు బాగా పట్టుతుంది. వేగంగా కొట్టే పైపు వాడకండి. తుప్పుపట్టిన బోల్టు రాకపోతే బోల్టునే కోయాలి గాని రేకును పగలగొట్టకూడదు. ఒక్కొక్కటీ మొత్తంగా దించి మందపాటి పాలిథిన్‌లో చుట్టండి. పైనుంచి విసరడం వద్దే వద్దు.

ఇక్కడ ఇంకొక మాట. రేకుల మూలంగా నా దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువమంది దుమ్ము పీల్చి వచ్చినవారు కారు. పాతరేకుమీద కాలుపెట్టి, అది విరిగి కిందపడినవారు. నడుములు విరిగినవారిని చూశాను. తడిసిన రేకు మరీ జారుతుంది. దయచేసి ఎవరినీ రేకుమీద నడవనివ్వకండి.

మూతికి జేబురుమాలు కట్టుకుంటే చాలదు. పని చేసేవారందరికీ ఎఫ్‌ఎఫ్‌పీ-3 లేదా పి-100 రకం మాస్కు మీరే కొని ఇవ్వండి. కూలివాడు అడగడు, అతనికి దాని సంగతి తెలియదు. పని అయ్యాక పొడిచీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా పాలిథిన్‌లో కట్టేయండి. తొడుక్కున్న బట్టల్ని దులపకుండా విడిగా నీళ్ళలో నానబెట్టి ఉతకండి. ముక్కల్ని గుంతలు పూడ్చడానికో, పొయ్యికి అడ్డంపెట్టడానికో వాడవద్దు. ఎక్కడ వేయాలో మునిసిపాలిటీవారిని ముందే అడగండి. మామూలు చెత్తలో కలపవద్దు.

"ఒకసారి రేకు కోశాను, ఎక్స్‌రే తీయించుకోనా?" అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు; ఇప్పుడు తీస్తే అందులో ఏమీ కనబడదు. రేకుల ఫ్యాక్టరీలోనో, రేకులు కోసే పనిలోనో ఏళ్ళతరబడి గడిపినవారు మాత్రం ఆయాసం, విడవని దగ్గు వస్తే డాక్టరుకు ముందుగా ఆ పని సంగతి చెప్పాలి. అటువంటివారు బీడీ, సిగరెట్టు, చుట్ట ఈరోజే మానెయ్యాలి. పొగ, ఆస్‌బెస్టాస్ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల కేన్సరు ప్రమాదం ఎన్నోరెట్లు పెరుగుతుంది.