స్ఫటికముల చేతివాటము

సౌష్ఠవమనగా అందమని మాత్రమే మన బాలబాలికలు తలఁచుచున్నారు. శాస్త్రమున దాని యర్థము నిర్దిష్టమైనది. ఒక వస్తువును త్రిప్పినపుడు గాని, అద్దమున చూచినపుడు గాని, అది మునుపటివలెనే కనబడినచో ఆ మార్పు దానికి సౌష్ఠవమగును. ఈ పాఠమును నల్లబల్లపై వ్రాసి వల్లె వేయించుటకంటె వంటయింటి వస్తువులతో నేర్పుట మేలని నా యభిప్రాయము.

చక్కగా పెరిగిన ఉప్పు స్ఫటికము ఘనాకారమున నుండును. దానిని సరిసగములుగా పంచు దర్పణతలములు తొమ్మిది. అద్దములోని దానికిని చేతిలోని దానికిని భేదము లేదు. ఏలూరి అంగళ్లలో దొరకు పటికబెల్లపు స్ఫటికము అట్టిది కాదు. ఒక్క అక్షముపై సగము చుట్టు త్రిప్పుటయే దానికి గల సౌష్ఠవము, దర్పణతలము లేదు. కొల్లేటి నత్తగుల్లను అద్దమునకు చూపుడు; మెలిక ఎదురుదిక్కునకు తిరుగును. కుడిచేతి ప్రతిబింబము ఎడమచేయి యైనట్లు, ఈ స్ఫటికపు ప్రతిబింబమును వేఱొక స్ఫటికమగును. ఇదియే చేతివాటము.

ఒక బిందువు కదలకుండ జరుగు ఇట్టి మార్పుల కూటమికి బిందుసమూహమని పేరు. స్ఫటికమున అణువులు వరుస తప్పక పేరుకొనును గనుక సగము, మూడవవంతు, నాలుగవవంతు, ఆఱవవంతు చుట్లు మాత్రమే పొసగును. సమపంచకోణపు పలకలతో నేలను సందులేక పఱచుట సాధ్యమా? ఈ నియమమువలన 32 సమూహములే కలుగునని 1830లో హెస్సెల్ నిరూపించెను. వానిలో చేతివాటము గలవి 11. పటికబెల్లము వీనిలో ఒకదానికి చెందినది.

1848లో ఫ్రాన్సు దేశీయుఁడగు లూయీ పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణ స్ఫటికములలో కుడివాటపు వానిని, ఎడమవాటపు వానిని చేతితో ఏఱి వేఱు చేసెను. వాని ద్రావణములు ధ్రువణకాంతిని ఎదురెదురు దిక్కులకు త్రిప్పినవి. ఆ ఆమ్లమే మన చింతపండు పులుపునకు ముఖ్యకారణము. అయితే చింతచెట్టు ఒక్క వాటపు దానినే తయారుచేయును.

పరీక్షకు జవాబు వచ్చిన చాలదా, ఈ యాటలేల యని కొందఱు పెద్దలందురు. తాడేపల్లిగూడెమున 2015లో నెలకొన్న ఎన్.ఐ.టి. వంటి సంస్థలలో చేరగోరు విద్యార్థి ధ్రువణ సాదృశ్యమును ఎట్లును చదువవలసినదే. వల్లించిన నిర్వచనము క్రొత్త అణువు ఎదురైనపుడు అక్కఱకు రాదు. రెండు చేతులను అద్దము ముందుంచి యోచించిన బాలుఁడు క్రొత్తదానిని సైతము పరీక్షింపగలఁడు.

కావున తల్లిదండ్రులారా, ఒక గ్లాసు, ఒక దారము, కొంత పంచదార మీ బిడ్డల కిండు. వేడి పాకమును మాత్రము మీరే పోయుడు. కొన్ని దినములు కదల్పక యుంచిన దారమున పలుకులు కట్టును. అప్పుడు బిడ్డనడుగుఁడు: “దీని ప్రతిబింబము ఇదియేనా?” ఆ ప్రశ్నకు తానై వెదకి చెప్పిన సమాధానమే చదువు.