గార పళ్ళు అడిగించిన ప్రశ్న



పదవ తరగతి ఫలితాలు వచ్చే రోజులలో మేము ఏ గ్రామమునకు వెళ్ళినా ఒకటే మాట వింటాము. "అయ్యగారూ, పిల్ల బాగా చదువుతుంది, డాక్టరు చదివించాలని ఉంది, ప్రార్థన చేయండి." మంచిదే, చేస్తాము. మన ఊళ్ళకు డాక్టర్లు కావాలి. గాని నీట్ పరీక్ష వ్రాసి సీటు రాని పిల్లల ఇండ్లకు కూడ వెళ్ళేది మేమే. అప్పు తెచ్చి లాంగ్ టర్మ్ కోచింగ్ పెట్టించిన తండ్రి ఏమీ మాట్లాడడు. పిల్ల గది తలుపు తీయదు. జబ్బులను గూర్చి చదివి మనుష్యులకు మేలు చేయాలంటే డాక్టరు కోర్సు ఒక్కటే దారి అని ఆ ఇంట ముందే తీర్మానమైపోయింది. జబ్బు ఎందుకు వస్తున్నదో వెదకేవారి దారి ఇంకొకటి ఉన్నది. అది కోచింగ్ సెంటరులో కాదు, ఎనిమిదవ తరగతిలోనో తొమ్మిదవ తరగతిలోనో, నమ్మకమైన ఒక పెద్దమనిషి ప్రక్కన, ఒక చిన్న ప్రశ్నతో మొదలవుతుంది.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు వారికి గార పళ్ళ సంగతి మేము చెప్పనక్కరలేదు. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పిల్లల పళ్ళు మచ్చలు పడతాయి, ఏండ్ల తరబడి తాగితే నడుములు వంగిపోతాయి. మన దేశములో ఫ్లోరోసిస్ జబ్బును 1937లో మొదట గుర్తించినది ఆనాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లాలోనే. అమెరికాలో ఇదే ప్రశ్నను ఒక పళ్ళ డాక్టరు పట్టుకొన్నాడు. 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అను ఊరికి వచ్చిన ఫ్రెడరిక్ మెకే అక్కడి వారి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చూచి, ఎందుకని అడుగుతూ ముప్పై యేండ్లు గడిపాడు. చివరకు 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నీళ్ళు పరీక్షించి, కారణము ఫ్లోరైడ్ అని తేల్చాడు. మన పిల్లల నోటిలోనే ఉన్న ప్రశ్న, చూడండి.

మేము ఎరిగిన ఒక గ్రామములో హైస్కూలు జీవశాస్త్రము టీచరు గారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే మన సంఘ సహోదరుడు కలిసి తొమ్మిదవ తరగతి పిల్లలు ముగ్గురిని చేరదీశారు. సైన్సు ఫేరు కోసం అట్టముక్క మీద "ఫ్లోరైడ్ వలన నష్టాలు" అని వ్రాయించలేదు. "మన బడిలో గార ఎవరికి ఉన్నది? వారు ఏ నీళ్ళు తాగుతున్నారు?" అని అడిగించారు. పళ్ళ మచ్చలను మెట్లు మెట్లుగా లెక్కించుటకు డీన్ అను అమెరికా దంతవైద్యుడు ఏర్పరచిన పద్ధతిని బొమ్మలతో నేర్పారు. ఒకే నోటిని ఇద్దరు పిల్లలు వేరువేరుగా చూచి, ఒకరికొకరు చూపకుండ వ్రాయాలి. తేడా వస్తే మరల చూడాలి. నీళ్ళను గాజు సీసాలో గాక ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, ఫ్లోరైడ్ గాజుతో కలియును గనుక. ముందుగా హెడ్మాస్టరు గారి అనుమతి, ప్రతి ఇంటివారి అనుమతి. ఆడపిల్ల పళ్ళ సంగతి ఊరంతా తెలిస్తే సంబంధాల వేళ మాట వస్తుందని ఒక తల్లి భయపడింది. ఆ భయము న్యాయమైనదే. అందుకని పేర్లు తీసివేసి నంబర్లు పెట్టారు.

తీరా చూస్తే లెక్క కుదరలేదు. ఇప్పుడు క్యాను నీళ్ళు తాగే పిల్లలలో కూడ గార కనబడింది. ఒక అబ్బాయి ఆ వరుసలు కొట్టివేద్దామన్నాడు. "కొట్టేయొద్దురా, అసలు సంగతి అక్కడే ఉంది" అన్నాడు టెక్నీషియన్. పంటి పైపొర తయారయ్యేది చిగురు లోపల, పన్ను బయటికి రాకముందు. ముందు పళ్ళకు ఆ పని సుమారు ఎనిమిదేండ్ల లోపే అయిపోతుంది. తరువాత ఎంత మంచి నీళ్ళు తాగినా ఆ మచ్చ పోదు. కనుక ఇప్పుడు ఏ నీళ్ళని గాక, పసితనములో ఏ నీళ్ళని అడగాలి. పిల్లలు మరల ఇల్లిల్లు తిరిగారు. వారు సైన్సు నేర్చుకొన్నది ఆ సాయంకాలములలోనే అని మా నమ్మకము.

ఇటువంటి ఆలోచనలకు సర్కారు సహాయము కూడ ఉన్నది. ఇన్‌స్పైర్ మానక్ పథకములో బడి తరపున ఐదు ఆలోచనలు పంపవచ్చును, ఎంపికైన విద్యార్థికి 10,000 రూపాయలు ఇస్తారు. ఇంటర్‌లో బోర్డు మొత్తము మీద పైనుండి నూటికి ఒకరిలో నిలిచి, బి.ఎస్సీ. వంటి మూల విజ్ఞాన చదువులో చేరినవారికి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్పు ఏడాదికి 80,000. అందులో 20,000 ఒక శాస్త్రజ్ఞుని క్రింద వేసవిలో పని నేర్చుకొనుటకే.

"ఇన్నేండ్లు చదివితే తిండి ఎవరు పెడతారయ్యా?" అని అడుగుతారు. అడగవలసినదే. ఎమ్మెస్సీ తరువాత జె.ఆర్.ఎఫ్. పరీక్ష నెగ్గి పి.హెచ్.డి.లో చేరినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు నిర్ణయించారు. ఆ పరీక్ష తేలిక కాదు, పి.హెచ్.డి.కి ఐదేండ్లు పట్టవచ్చును, ఆ పిమ్మట ఉద్యోగము వెదుక్కోవాలి. ఇది దాచి పిల్లలను పంపకూడదు. అయితే నల్గొండలో ఫ్లోరైడ్ వలన మోకాళ్ళు వంకరపోయిన పిల్లలను గూర్చి పరిశోధించిన జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదులో తార్నాకలోనే ఉన్నది. అక్కడ డాక్టర్లతో పాటు బయోకెమిస్ట్రీ చదివినవారు కూడ పనిచేస్తారు.

ఆ ముగ్గురిలో ఒక అమ్మాయి ఇప్పుడు ఇంటర్ బైపీసీ చదువుతున్నది. తండ్రికి నీట్ మీదనే మనసు, పిల్లకు 2015లో తిరుపతిలో మొదలైన ఐసర్ మీద. రెండూ వ్రాయించండని చెప్పాము. ఒక్క ఇబ్బంది ఉన్నది. ఐసర్ ప్రవేశ పరీక్షలో జీవశాస్త్రము, రసాయనము, భౌతికముతో సమానముగా లెక్కలకు కూడ 15 ప్రశ్నలు, బైపీసీ పిల్లలకేమో లెక్కలు పదితోనే ఆగిపోతాయి. మన సంఘములో రిటైరైన లెక్కల మాష్టారు ఒకరున్నారు. ఆదివారము ఆరాధన అయిన తరువాత సండేస్కూలు గదిలో ఆ అమ్మాయికి చెబుతున్నారు. ఇంకో ఇద్దరు బైపీసీ పిల్లలు కూడ వచ్చి కూర్చుంటున్నారు.